యంత్రం ముందు నిలిచే మనిషికే ఆ శిక్షణ

(సమాఖ్య కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



యంత్రం వద్ద ప్రమాదం జరిగిన పిమ్మట విచారణ జరుగుతుంది. నివేదికలో తరచుగా కనిపించే మాట "కార్మికుని అజాగ్రత్త". గాయపడినవాడు ఆసుపత్రిలో ఉండగానే అతనిపై చార్జిషీటు సిద్ధమవుతుంది. గార్డు ఎందుకు లేదు, నడుస్తున్న యంత్రాన్ని శుభ్రం చేయమన్నదెవరు, ఇద్దరి పని ఒక్కరికెందుకు అప్పగించారు అన్న ప్రశ్నలు మరుగున పడతాయి. ఆ ప్రశ్నలనే ప్రమాదానికి ముందు, క్రమపద్ధతిలో అడిగి, జవాబులను లిఖితపూర్వకంగా రాబట్టడమే ప్రమాద అంచనా. ఆ విద్య అధికారి ఫైలులో ఉంటే చాలదు; యంత్రం నడిపే చేతికి రావలెను.

అది కఠినమైన విద్య కాదు. రైల్వే వర్క్‌షాపులోను, మెయిల్ మోటార్ వర్క్‌షాపులోను వాడే గ్రైండర్‌నే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి ప్రశ్న: హాని చేయగలది ఏది? వీల్ పగిలి ముక్కలు ఎగరవచ్చు; చేతిలోని వస్తువు వీల్‌కూ టూల్ రెస్టుకూ నడుమ ఇరుక్కొనవచ్చు; రవ్వ కంటిలో పడవచ్చు. రెండవది: ఎవరికి హాని? నడిపేవానికే గాక, పక్క బల్ల వద్ద ఉన్నవానికి, ఊడ్చవచ్చిన కాంట్రాక్టు కార్మికురాలికి కూడా. మూడవది: హాని ఎంత తీవ్రం, జరిగే అవకాశం ఎంత? నాలుగవది: ఇప్పుడున్న రక్షణ చాలునా?

జవాబులు యంత్రం వద్దనే దొరుకుతాయి. వీల్ మీద ముద్రించిన గరిష్ఠ వేగాన్ని యంత్రం వేగం మించరాదు. బిగించే ముందు వీల్‌ను చెక్క పిడితో మెల్లగా తట్టినప్పుడు ఖంగుమనవలెను; మందమైన శబ్దం వస్తే పగులు ఉన్నదని ఎంచి పక్కన పెట్టవలెను. వీల్ అరిగేకొద్దీ, యంత్రాన్ని ఆపి, రెస్టును దగ్గరకు జరిపి, సందు సుమారు 3 మిల్లీమీటర్లు మించకుండా చూడవలెను.

నివారణకు ఒక వరుస కలదు. ముందు ప్రమాద మూలాన్నే తొలగించాలి. వీలుకాకుంటే గార్డు అమర్చాలి. అటుపైన పని పద్ధతి, హెచ్చరిక. చివరగా కళ్లద్దాలు, గ్లవ్సు. అనేక చోట్ల ఈ వరుస తలకిందులైనది. గ్లవ్సు ఇచ్చి సంతకం తీసుకుంటే బాధ్యత తీరినట్టు భావిస్తున్నారు. తిరుగుతున్న డ్రిల్లు వద్ద ఆ గ్లవ్సే చిక్కుకొని చేతిని లాగివేయగలదు. అట్లే, స్విచ్ ఆపినంత మాత్రాన యంత్రం నిర్జీవం కాదు. గాలి ఒత్తిడి, నూనె ఒత్తిడి, స్ప్రింగు బలం మిగిలి ఉండవచ్చు. విద్యుత్తు తెగ్గొట్టి, తాళం వేసి, వాటిని విడుదల చేసి, తాళంచెవి మరమ్మతు చేసేవాని వద్దనే ఉంచవలెను.

1984 భోపాల్ విషాదం తరువాత, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలు గల ఫ్యాక్టరీల భద్రతా కమిటీలలో కార్మికులకు సమాన ప్రాతినిధ్యం, కార్మికులకు భద్రతా సమాచారం, శిక్షణ పొందే హక్కు అప్పుడు చేరినవి. అయితే 1948 నాటి ఆ చట్టం రైల్వే రన్నింగ్ షెడ్డును ఫ్యాక్టరీగా ఎంచలేదు. పార్లమెంటు ఆమోదించిన 2020 కోడ్ కూడా ఆ మినహాయింపును నిలిపి ఉంచింది. తిరిగే చక్రానికి నిర్వచనాలు తెలియవు గదా! సురక్షితమైన పని వాతావరణాన్ని 2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక మహాసభ మౌలిక హక్కులలో చేర్చింది. షెడ్డులోనివారికి ఆ హక్కు లేదనడం ఏ న్యాయం?

కావున మన కోర్కెలు స్పష్టం. శిక్షణ పని వేళల్లో, వేతనంతో, యంత్రం వద్దనే జరగాలి. కార్మికుని భాషలో జరగాలి: ఖరగ్‌పూర్‌లోని తెలుగువానికి తెలుగులో, సికింద్రాబాదులోని హిందీవానికి హిందీలో. కాంట్రాక్టు కార్మికులను వదలరాదు. అంచనా ప్రతిని యంత్రం పక్కనే ఉంచాలి. కొత్త యంత్రం వచ్చినా, ప్రమాదం తృటిలో తప్పినా, అంచనాను తిరిగి వేయాలి. ప్రమాదం ముంచుకొచ్చినదని తోచినప్పుడు యంత్రాన్ని ఆపినవానిపై చర్య ఉండరాదు.

మరొక్క మాట. పొందని శిక్షణకు హాజరు పట్టీలో సంతకం చేయవద్దు. ఆ సంతకమే రేపు విచారణలో మీకు వ్యతిరేకంగా సాక్ష్యం పలుకుతుంది.

ఇక్కడి నుంచి వెళ్లిన వెంటనే ప్రతి శాఖ తన ఆవరణలో ఒక్క యంత్రాన్ని ఎంచుకొని, ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి, నడిపేవారి చేత సరిచూపించి, తదుపరి శాఖా సమావేశం ముందుంచవలెనని కోరుతున్నాను. అధికారులతో చర్చకు కూర్చున్నప్పుడు మన చేతిలో ఆ కాగితం ఉండాలి.