వేసవికి నారింజ పూల పరిమళం



ఈ పాఠం భిలాయి నెహ్రూ నగర్‌లోని తెలుగు విద్యార్థులను మనసులో ఉంచుకుని తయారుచేసినది. అక్కడ మే నెల ఎలా ఉంటుందో వారికి వేరే చెప్పనక్కరలేదు. పగటి ఉష్ణోగ్రత 45 డిగ్రీల దాకా పోతుంది, ఎంతసేపు నీళ్ళు పోసినా కూలర్‌కు దాహం తీరదు. అలాంటి రోజుల్లో దుకాణాల్లో కొన్ని సీసాలు కనిపిస్తాయి. వాటి మీద నారింజ పూల బొమ్మ, పక్కన 'సహజం', 'వేసవికి ప్రత్యేకం', 'చల్లదనం' అనే మాటలు ఉంటాయి. ఈ మూడు మాటల్లో ఎంత నిజం ఉందో రసాయన శాస్త్రం సాయంతో పరిశీలిద్దాం.

ముందు చెట్టు సంగతి. పెరటి నిమ్మ, నల్గొండ బత్తాయి, భిలాయికి రైలు మార్గంలో పడమరగా ఉన్న నాగపూర్ కమలా, ఇవన్నీ సిట్రస్ ప్రజాతికి చెందినవే. గూడూరు వైపు నిమ్మతోటలు పూతకు వచ్చినప్పుడు ఆ దారిన వెళ్ళినవారికి ఆ వాసన ఎలాంటిదో తెలుస్తుంది. అయితే పరిమళ పరిశ్రమ ఎక్కువగా కోరుకునేది చేదు నారింజను. దాని పండు నోట పెట్టలేనంత చేదు. కానీ ఆ ఒక్క చెట్టు మూడు రకాల నూనెలను ఇస్తుంది. పూలను ఆవిరితో స్వేదనం చేస్తే నెరోలీ, ఆకులను, లేత కొమ్మలను స్వేదనం చేస్తే పెటిగ్రెయిన్, పండు తొక్కను పిండితే చేదు నారింజ నూనె. నెరోలీ అనే పేరు ఇటలీలోని నెరోలా అనే ఊరి నుంచి వచ్చింది. 17వ శతాబ్దంలో అక్కడి రాకుమారి ఈ నూనెతో తన చేతి తొడుగులకు పరిమళం పట్టించేదని చెబుతారు.

నెరోలీ ఖరీదు ఎక్కువ. సుమారు వెయ్యి కిలోల పూల నుంచి ఒక కిలో నూనె మాత్రమే వస్తుంది, పూలను చేత్తోనే కోయాలి. ట్యునీషియా, మొరాకో దేశాలు దీనికి ప్రసిద్ధి. చవకైన సీసా మీద 'అసలైన నెరోలీ' అని కనిపిస్తే ఈ వెయ్యి కిలోల లెక్కను గుర్తు తెచ్చుకోండి.

ఇక వేసవికీ ఈ వాసనకూ ఉన్న సంబంధం. వాసన మనకు తెలియాలంటే అణువులు ద్రవాన్ని విడిచి గాలిలోకి ఎగిరి ముక్కును చేరాలి. నారింజ తొక్క నూనెలో తొంభై శాతానికి పైగా ఉండేది లిమోనీన్. దాని అణువులో పది కర్బన పరమాణువులు, పదహారు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. చిన్న అణువు, మరిగేది 176 డిగ్రీల వద్ద. నెరోలీలో ప్రధానమైన లినలూల్ 198 డిగ్రీల వద్ద మరుగుతుంది. గంధపు నూనెలోని శాంటలాల్ 300 డిగ్రీల దాపున గానీ మరగదు. అందుకే గంధం రోజంతా నిలుస్తుంది, నిమ్మ నిమిషాల్లో వెళ్ళిపోతుంది.

ఉష్ణోగ్రత 25 నుంచి 35 డిగ్రీలకు పెరిగితే లిమోనీన్ ఆవిరి పీడనం దాదాపు రెట్టింపవుతుంది. 45 డిగ్రీలకు చేరితే సుమారు మూడున్నర రెట్లు. చర్మం ఉష్ణోగ్రత గాలితో పాటు అంతగా పెరగదు, చెమట దాన్ని అదుపులో ఉంచుతుంది. బట్టల మీద చల్లినప్పుడు మాత్రం ఈ లెక్క బాగా వర్తిస్తుంది. బరువైన పరిమళాన్ని ఎండలో పూసుకుంటే చలికాలంలో మెల్లగా వచ్చే వాసన ఒక్కసారిగా చుట్టుముట్టి పక్కవారికి తలనొప్పి తెస్తుంది. సిట్రస్ వాసన అయితే తొందరగా వచ్చి తొందరగా పోతుంది. బస్సులో పక్కన కూర్చున్నవారి దృష్టితో చూస్తే అది గుణమే! పూల భాగం కొంచెం నెమ్మదిగా ఎగురుతుంది కనుక నిమ్మ పోయాక ఆ స్థానాన్ని తీసుకుంటుంది. 1709లో జర్మనీలోని కొలోన్ నగరంలో స్థాపితమైన ఫరీనా సంస్థ పేరుతో ప్రసిద్ధమైన 'కొలోన్ నీరు' ఈ కలయికకు పాత ఉదాహరణ. మనం ఇప్పటికీ ఓడికొలోన్ అంటున్నది దాన్నే.

మరి చల్లదనం? ఆ పని వాసనది కాదు, ఆల్కహాల్‌ది. కొలోన్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలే, పరిమళ నూనెలు కొద్ది శాతమే. ఒక గ్రాము ఆల్కహాల్ ఆవిరి కావడానికి సుమారు 850 జౌళ్ళ వేడిని చర్మం నుంచి తీసుకుంటుంది. గ్రాముకు చూస్తే నీరు దాదాపు మూడు రెట్లు తీసుకుంటుంది, కానీ నెమ్మదిగా. అందుకే ఆల్కహాల్ చటుక్కున చల్లగా తోస్తుంది, అంతలోనే పోతుంది. తడిగుడ్డ చేసే మేలు అది చేయలేదు.

'సహజం' అన్న మాట దగ్గర కొంచెం ఆగుదాం. దీనికి భిలాయిలోనే మంచి ఉదాహరణ ఉంది. సోవియట్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారం మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఫర్నేస్‌కు కోక్ కావాలి. కోక్ ఓవెన్లలో గాలి తగలకుండా బొగ్గును వెయ్యి డిగ్రీలకు పైగా వేడి చేస్తారు. అప్పుడు వచ్చే తారులో నాఫ్తలీన్ ఉంటుంది. అవును, బట్టల పెట్టెలో వేసే ఉండల నాఫ్తలీనే. దాని నుంచి బీటా నాఫ్తాల్ తయారుచేయవచ్చు. బీటా నాఫ్తాల్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లం సమక్షంలో మిథనాల్‌తో కలిపి వేడి చేస్తే తెల్లని స్ఫటికాలు వస్తాయి. వాటి వాసన నారింజ పూత వాసనకు దగ్గరగా ఉంటుంది! అందుకే ఈ పదార్థానికి నెరోలిన్ అని పేరు పెట్టారు. డిగ్రీలో రసాయన శాస్త్రం చదివే విద్యార్థులు దీన్ని ప్రయోగశాలలో తయారుచేసి ఉండవచ్చు.

ఇక్కడ తేడా గమనించండి. నెరోలిన్ నారింజ పువ్వులో లేదు. వాసన మాత్రమే పోలి ఉంటుంది, అణువు వేరు. మిథైల్ ఆంథ్రనిలేట్ సంగతి అలా కాదు. అది నారింజ పువ్వులో నిజంగానే ఉంది, మల్లెపువ్వులో కూడా ఉంది. ఈ రెండు వాసనల మధ్య చుట్టరికం అనిపించడానికి అదొక కారణం. అదే పదార్థాన్ని నాఫ్తలీన్ నుంచి థాలిక్ అన్‌హైడ్రైడ్ మీదుగా కర్మాగారంలోనూ తయారుచేయవచ్చు. పువ్వులో పుట్టిన మిథైల్ ఆంథ్రనిలేట్ అణువుకూ తారు నుంచి పుట్టిన అణువుకూ నిర్మాణంలో తేడా లేదు. అలాగని నెరోలీ నూనె, ప్రయోగశాల మిశ్రమం ఒకటే అనుకోకూడదు. పువ్వు నూనెలో పదుల కొద్దీ పదార్థాలు ఉంటాయి, కొన్ని లేశమాత్రంగా. వాటన్నిటినీ కలిపి పువ్వు గీసిన గీతను యథాతథంగా తిరిగి గీయడం కష్టం. 'సహజం' అంటే ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే మాట. అది మంచిదా, కాదా అన్నది వేరే ప్రశ్న.

ఎండాకాలంలో ఆ వేరే ప్రశ్నే ముఖ్యం. సహజమైన నిమ్మ, బెర్గమాట్ తొక్కలను పిండి తీసిన నూనెల్లో ఫ్యూరోకౌమరిన్‌లు అనే పదార్థాలు ఉంటాయి. బెర్గాప్టిన్ వాటిలో ఒకటి. చర్మం మీద ఇవి ఉండగా సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పడితే అవి చర్మకణాలను దెబ్బతీస్తాయి. వెంటనే ఏమీ తెలియదు. ఒకటి రెండు రోజులకు ఎర్రబడి, ఒక్కోసారి బొబ్బలు లేచి, ఆ తర్వాత గోధుమరంగు మచ్చ వారాలు, నెలలు ఉండిపోతుంది. మెడ మీద కొలోన్ జారిన దారి వెంట ఈ మచ్చలు రావడాన్ని వైద్యులు 20వ శతాబ్దం మొదట్లోనే గుర్తించారు. అందుకే శరీరంపై నిలిచి ఉండే ఉత్పత్తుల్లో, ఎండ తగిలే చోట పూసుకునేవాటిలో, పిండి తీసిన బెర్గమాట్ నూనె 0.4 శాతం మించరాదని అంతర్జాతీయ సుగంధ పరిశ్రమ సంఘం పరిమితి పెట్టింది. ఫ్యూరోకౌమరిన్‌లను తొలగించిన నూనెలు కూడా దొరుకుతాయి.

ఇంట్లో సొంతంగా అత్తరు చేద్దామని నిమ్మతొక్క మెడకు రుద్దుకుని మిట్టమధ్యాహ్నం క్రికెట్‌కు వెళ్ళేవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. నిమ్మరసం పిండిన చేతులను కూడా సబ్బుతో కడుక్కునే ఎండలోకి వెళ్ళండి. నెరోలీ విషయంలో ఈ భయం లేదనే చెప్పాలి. ఫ్యూరోకౌమరిన్‌లు బరువైన అణువులు, స్వేదనంలో ఆవిరితో పాటు పైకి రావు. ఆవిరితో స్వేదనం చేసిన నిమ్మనూనెకూ ఇదే వర్తిస్తుంది. కాబట్టి సీసా కొనేటప్పుడు సహజమా కాదా అని అడగడం కంటే నూనె పిండినదా, స్వేదనం చేసినదా అని అడగడం ఉపయోగకరం. అనుమానం ఉంటే చర్మానికి కాకుండా చేతిరుమాలుకు చల్లుకోండి.

సీసాను స్కూటర్ డిక్కీలోనో, పడమటి కిటికీలోనో ఉంచకండి. లిమోనీన్, లినలూల్ గాలితో చర్య జరిపి హైడ్రోపెరాక్సైడ్‌లుగా మారతాయి. కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు తెచ్చేవి ఇవే. సీసాను చల్లని, చీకటి చోట మూత గట్టిగా బిగించి ఉంచాలి.

ఇంట్లో చేయగల చిన్న ప్రయోగం ఒకటి. తెల్లకాగితాన్ని సన్నని పట్టీలుగా కత్తిరించండి. ఒకదానిపై నారింజ తొక్కను వంచి చిమ్మించండి, ఇంకొకదానిపై కొలోన్, మూడో దానిపై గంధపు నూనె ఒక చుక్క వేయండి. వెంటనే, పది నిమిషాలకు, గంటకు, మర్నాడు ఉదయం వాసన చూసి పట్టికలో రాయండి. అదే ప్రయోగాన్ని కూలర్ ఉన్న గదిలో ఒకసారి, వసారాలో నీడన ఒకసారి చేయండి. రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి, ఏ పట్టీ ఎక్కడ ముందుగా వాసన కోల్పోయిందో మరిగే ఉష్ణోగ్రతలతో పోల్చి చూడండి.