సగం పూట అమ్మకందారు: సంఘానికి లాభమా, భారమా?



ఏ విత్తనం వేయవలె, ఎంత ఎరువు చల్లవలె, ఏ పురుగుకు ఏ మందు కొట్టవలె అని ఈ కార్యక్రమంలో తరచు చెప్పుకుంటూనే ఉంటాము. ఈ పూట నేను చెప్పదలచినది పంట ఇంటికి వచ్చిన తరువాతి సంగతి. అందులోనూ ఒక చిన్న భాగం. రైతులు కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల సంఘం కాస్త ఎదిగి, సరుకు తయారుచేసి అమ్మే స్థితికి వచ్చినప్పుడు, ఆ అమ్మకం చూచుకొనుటకు సగం పూట మనిషిని పెట్టుకోవచ్చునా, పెట్టుకుంటే ఎట్లా పెట్టుకోవలె అన్నది విషయం. ఇటువంటి వారిని ఇప్పుడు మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్ అంటున్నారు. పేరు కొత్తదేగాని పని పాతదే. సరుకు చేతబట్టుకొని నాలుగు గడపలు ఎక్కి, ధర చెప్పి, ఆర్డరు తెచ్చి, డబ్బు వచ్చేదాకా వెంటబడడం.

నేను చదివినది వ్యవసాయ డిప్లొమా. వ్యాపారం నాకు పుస్తకాలలో రాలేదు. ఒక పొరపాటు సలహా ఇచ్చి నేర్చుకున్నాను. సలహా నాది, నష్టం రైతులది. అందుచేతనే ఈ సంగతి మీకు చెప్పవలెనని వచ్చాను.

నేను తిరిగే ప్రాంతం ప్రకాశం జిల్లాలో మెట్ట. అక్కడ కంది ఎక్కువ. చాలమంది లాం ఫారం వారి ఎల్.ఆర్.జి. 41 రకం వేస్తారు. వానలకు వేసిన కంది సంక్రాంతి దాటేసరికి కళ్లానికి వస్తుంది. అందరి కందులూ ఒక్కసారే బయటికి వస్తాయి గనుక ధర కూడా అప్పుడే జారుతుంది. ఆ బాధ పడలేక ఒక సంఘం వారు చిన్న పప్పు మర పెట్టుకున్నారు. క్వింటాలు కందులు ఆడిస్తే సుమారు 70 కిలోల పప్పు వస్తుంది. పొట్టు, నూక పశువులకు పోతాయి. మొదట పప్పును గోతాలలో పోసి టోకు వ్యాపారికి ఇచ్చేవారు. ఆయన చెప్పినదే ధర. తరువాత ఆహార భద్రత లైసెన్సు తీసుకొని, కిలో, అరకిలో ప్యాకెట్లు కట్టి, దగ్గరి పట్టణంలో అంగళ్లకు వేయసాగారు.

ఇక్కడ చిక్కు వచ్చింది. కందులు కొనడం, మర చూడడం, బ్యాంకుకు పోవడం, అంగళ్లు తిరగడం అన్నీ సంఘం సి.ఇ.ఓ. గారొక్కరే చేయవలె. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన 10,000 ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో, సంఘానికి మూడేళ్లకు 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ సహాయం పెట్టారు. అందులో సి.ఇ.ఓ. జీతానికి నెలకు 25 వేల వరకు, అకౌంటెంటుకు 10 వేల వరకు అని ఉన్నది. అమ్మకందారు జీతానికని విడిగా పద్దు లేదు. అంటే, అతని జీతం అతడు తెచ్చే అమ్మకంలో నుంచే రావలెనన్న మాట.

"సారూ, ఒక మనిషిని పెట్టుకుందామా?" అని డైరెక్టర్లు నన్ను అడిగారు. "జీతమెందుకు? అమ్మినదానికి కిలోకు ఇంత అని కమిషన్ ఇవ్వండి. చురుగ్గా తిరుగుతాడు, మీకూ భారం ఉండదు" అన్నాను. చాల తెలివైన మాట చెప్పాననుకున్నాను కూడా.

ఒక కుర్రవాడు దొరికాడు. ఉదయం పూట ఒక సబ్బుల కంపెనీకి లైను సేల్స్‌మన్. మధ్యాహ్నం నుంచి మన పప్పు వేస్తానన్నాడు. కిలోకు 2 రూపాయలు కమిషన్. ఏప్రిల్‌లో చేరి మొదటి నెలలోనే 25 క్వింటాళ్ల ప్యాకెట్లు అంగళ్లకు చేర్చాడు. అధ్యక్షులవారు అతనికి కండువా కప్పారు. ఫోటో తీసినది నేనే.

నాలుగో నెల చివర వేరే ఊరిలో ఉద్యోగం వచ్చిందని చెప్పి వెళ్లిపోయాడు. అప్పుడు లెక్కలు తీస్తే 23 అంగళ్లలో మన బాకీ 1 లక్షా 40 వేలు. సంతకం ఉన్న బిల్లులు 14 అంగళ్లవే. మిగిలిన లెక్క అతని ఫోనులో ఉన్నదట. ఆ ఫోను అతనితో పోయింది. ఒక షావుకారు, "సరుకు తిరిగి ఇచ్చేశాంగా" అన్నాడు. ఇంకొకాయన, "వానలకు పురుగు పట్టింది, దీనికి డబ్బేమిటి?" అని ప్యాకెట్టు చింపి చూపించాడు. నిజంగానే పట్టింది. పది ప్యాకెట్లు అమ్ముకోగలిగిన కొట్టులో అరవై దించితే పట్టక ఏం చేస్తుంది?

ఆ కుర్రవాడు దొంగ కాడు. అతడు డబ్బు తిన్నాడని ఎవరూ రుజువు చేయలేదు. మేము దేనికి కమిషన్ ఇస్తామన్నామో ఆ పనే చేశాడు. సరుకు దించితే ఇస్తామన్నాము, దించాడు. డబ్బు వస్తే ఇస్తామని అనలేదు.

ఆ సంఘంలో సభ్యురాలైన ఒక పెద్దామె 6 క్వింటాళ్ల కందులు వేసి ఉన్నది. ఆగస్టులో ఒకనాడు నన్ను ఆపి అడిగింది.

"బాబూ, నా కందులు అమ్ముడుపోయినట్టా, కానట్టా?"

"అమ్ముడుపోయినాయి పెద్దమ్మా."

"మరి డబ్బేదయ్యా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ తరువాతనే నేను, సి.ఇ.ఓ. గారు, అకౌంటెంటు అమ్మాయి కూర్చొని, మొదటే వేయవలసిన లెక్క వేశాము. అది మీకూ చెప్తాను, కాగితం పెన్సిలు దగ్గరుంటే వ్రాసుకోండి. అంకెలు ఆ సంఘానివి. మీ సరుకుకు మీ అంకెలు వేసుకోవలె.

టోకుగా గోతాలలో ఇస్తే ఖర్చులు పోను కిలోకు 3 రూపాయలు మిగులుతున్నది. ప్యాకెట్టు ఖర్చు, ఆటో బాడుగ తీసివేసినా అంగడికి వేస్తే 9 రూపాయలు మిగులుతున్నది. అంటే అమ్మకందారు వలన కిలోకు అదనంగా వచ్చేది 6 రూపాయలే. చాలమంది ఇక్కడ పొరబడి 9 రూపాయలూ అతని వలననే వచ్చినట్టు లెక్కిస్తారు. ఇప్పుడు సగం పూట మనిషికి నెలకు 6,000 జీతం, 2,000 పెట్రోలు, కిలోకు 1 రూపాయి కమిషన్ ఇస్తే, నెలకు 16 క్వింటాళ్లు అమ్మితే ఖర్చుకు ఖర్చు సరిపోతుంది. 1,600 కిలోలకు అదనం 9,600. ఖర్చు 8,000, కమిషన్ 1,600. అంతకు పైన అమ్మినదానిలోనే సంఘానికి మిగులు. అదే పూర్తి పూట మనిషికి 20,000 జీతమిచ్చి, పెట్రోలు, కమిషన్ అట్లే ఉంచితే 44 క్వింటాళ్లు అమ్మవలె. ఆ మర నెలకు ఆడించేది 100 క్వింటాళ్ల పప్పు. కొత్త పేరుతో వచ్చిన ప్యాకెట్టు ఆరంభంలోనే అందులో సగానికి దగ్గరగా అంగళ్లలో పోతుందనుకోవడం ఆశే అవుతుంది. కనుక సగం పూట మనిషిని పెట్టుకోవడం అనే ఆలోచనలో తప్పు లేదు. మేము పెట్టుకున్న పద్ధతిలో ఉన్నది తప్పు.

ఈసారి డబ్బు దారి మార్చాము. ఆర్డరు తెచ్చేది అమ్మకందారు. సరుకు పంపేది సంఘం, సంఘం బిల్లు మీద, షావుకారు సంతకంతో. డబ్బు పడేది నేరుగా సంఘం బ్యాంకు ఖాతాలో. అంగడి గల్లాపెట్టె దగ్గర సంఘం క్యూ.ఆర్. కాగితం అంటించి వచ్చాము. నగదు ఇచ్చే షావుకారు ఉంటే అచ్చు రసీదు లేకుండా ఇవ్వవద్దని చెప్పాము. ఖాతాలో డబ్బు పడిన కిలోలకే కమిషన్. కొత్త అంగడికి మొదటి రెండుసార్లు నగదు బేరమే. తరువాత 15 రోజుల అరువు. పాత బాకీ తీరనిదే కొత్త సరుకు దిగదు. "ఇట్లాగైతే అంగళ్లు పోతాయి సారూ" అని ఒక డైరెక్టరు అన్నారు. కొన్ని పోయాయి. అవి పోతే పోనీ అన్నాను.

హాస్టళ్లు, పెద్ద దుకాణాల వంటి వారికి వేసేటప్పుడు లిఖితపూర్వకంగా ఆర్డరు తీసుకోవలె. సంఘానికి ఉద్యం నమోదు ఉంటే ఒక రక్షణ ఉన్నది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న సంస్థల సరుకు తీసుకున్నవారు ఎటువంటి ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు చెల్లించవలె. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ కట్టవలె. అయితే వీధి చివర చిన్న కొట్టువాని మీద చట్టం తీసేకంటే, రెండో గోతం దించకుండా ఉండడం సులువు.

మనిషిని ఎన్నుకోవడం గురించి నాకు ఒక్కటే గట్టి అభిప్రాయం. డైరెక్టరుగారి బావమరిది అయినంత మాత్రాన వద్దు, బావమరిది గనుక కూడదనీ వద్దు. అతడు ఇంకెవరి సరుకు వేస్తున్నాడో అడగండి. సబ్బులు వేస్తే ఫరవాలేదు, మరొక మర పప్పు వేస్తే కుదరదు. వారానికి ఏ మూడు రోజులు, ఏ వీధులు అన్నది ముందే వ్రాసుకోవలె. మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు వరకు కిరాణా కొట్లలో రద్దీ తక్కువ, షావుకారు మాట వింటాడు. అంగళ్ల జాబితా, ఫోను నంబర్లు, ఎవరెంత తీసుకున్నారన్న చిట్టా ప్రతి శనివారం సంఘం పుస్తకంలోకి ఎక్కవలె. మానుకోదలిస్తే నెల ముందు చెప్పి, అంగళ్లకు సి.ఇ.ఓ.ను వెంటబెట్టుకొని తిరిగి బాకీలు ఒప్పచెప్పిన తరువాతనే ఆఖరి జీతం. ఇదంతా రెండు పుటల కాగితం. వ్రాయడానికి ఒక సాయంత్రం పట్టింది మాకు.

ధర చెప్పే విషయం కూడా నేర్పవలె. 2022 జూలై 18 నుంచి, ప్యాకు చేసి లేబులు అంటించిన పప్పుపై 5 శాతం జి.ఎస్.టి. వచ్చింది. మన కుర్రవాడు విడి పప్పు ధర చెప్పి ప్యాకెట్టు పప్పు వేసిన అంగళ్లు రెండు మూడు బయటపడ్డాయి. ఆ తేడా సంఘమే భరించింది.

సెప్టెంబరులో ఒక సభ్యుని కోడలిని పెట్టుకున్నారు. డిగ్రీ చదివింది, స్కూటరు ఉన్నది, పిల్లవాడు బడికి పోయిన తరువాత మధ్యాహ్నాలు తీరిక. మొదటి నెల అమ్మినది 9 క్వింటాళ్లు. ఆ నెల సంఘానికి 3,500 చేతి నుంచి పడింది. "ఆ అబ్బాయి మొదటి నెలలోనే 25 వేశాడు" అని బోర్డులో సణుగుడు మొదలైంది. ఆ 25లో ఎంత డబ్బయిందో పుస్తకం తెరిచి చూపించవలసి వచ్చింది. కొన్ని నెలలు చేతి నుంచి పెట్టుకోవడానికి బోర్డు ముందే తీర్మానం చేసుకోకపోతే ఎంత మంచి మనిషినైనా రెండో నెలలో మాన్పిస్తారు. ఫిబ్రవరికి 19 క్వింటాళ్లకు వచ్చింది. అంటే నెలకు 1,500 మిగులు. కండువా కప్పేంత కాదు. కాని అంతా ఖాతాలో పడిన డబ్బు.

పాత బాకీలో 80 వేలు వసూలయింది, అదీ ఆ అమ్మాయి తిరిగితేనే. మిగిలిన 60 వేలు మహాజన సభలో చెప్పి నష్టంగా వ్రాశారు. సలహా ఎవరిదని ఒకరు అడిగితే నేనే లేచి నాదని చెప్పాను.

పెద్దమ్మ డబ్బు సంక్రాంతికి ముందు ఇచ్చారు. ఈ ఏడు ఆమె కందులు సంఘానికి సగమే వేసింది. మిగతా సగం మార్కెటు యార్డుకు పంపింది. ఎందుకని నేను అడగలేదు.