తరగతి గది ఫోనులోకి వస్తే



పోయిన వేసవి సెలవుల్లో మా ఆడపడుచు వచ్చి మా యింట్లో నాలుగు రోజులుంది. ఆమె ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం చెబుతుంది. వచ్చిన దగ్గర్నుంచీ చేతిలో ఫోనే. కాఫీ తాగుతూ ఫోను, పూలు కడుతూ పక్కన ఫోను. నేనుండబట్టలేక, "పిల్లలకు బుద్ధులు చెప్పాల్సినదానివి, నువ్వే యిలా ఫోనుకు అతుక్కుపోతే యెలాగమ్మా?" అన్నాను. ఆమె నవ్వేసి, "నా తరగతిలో సగం యిందులోనే వుంది వదినా" అంది.

తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చూపించింది. పదో తరగతితో చదువాపేసిన నాకు అర్థమైనంత మేరకు మీకు చెబుతాను. మన పిల్లల చదువు కూడా దీనితో ముడిపడి వుంది మరి!

ఆమె తరగతికి ఒక వాట్సాప్ గ్రూపు వుంది. రేపు యే పాఠం చదివి రావాలి, ప్రయోగశాలకు ఏమేం తెచ్చుకోవాలి, అన్నీ అందులో రాస్తుంది. తరగతిలో నలుగురి ముందూ నోరు విప్పని పిల్ల కూడా అక్కడ ధైర్యంగా సందేహం అడుగుతుందట. యూట్యూబ్ సంగతి చూడండి. ఐఐటీల ఆచార్యులు చెప్పిన పాఠాలు ఎన్‌పీటెల్ పేరుతో అందులో దొరుకుతాయి. చిన్న ఊరి కాలేజీలో చదివే పిల్లవాడికి కూడా ఆ పాఠం పైసా ఖర్చు లేకుండా వినబడుతుంది. మా ఆడపడుచు ముందు రోజే దాన్ని చూసి రమ్మని, మర్నాడు తరగతిలో లెక్కలు చేయిస్తుంది.

ఇక పరిశోధన. కొన్ని శాస్త్ర పత్రికల్లో ఒక్క వ్యాసం చదవాలన్నా బోలెడు డబ్బు కట్టాలి. 2008 లో మొదలైన రీసెర్చ్‌గేట్‌లో వ్యాసం రాసిన వారినే నేరుగా అడగవచ్చు. చాలామంది సంతోషంగా పంపుతారట.

ఇందులో వేగం యెంతటిదో ఒక ఉదాహరణ చెప్పింది. 2020 జనవరిలో షాంఘైలోని ఆచార్య ఝాంగ్ యోంగ్‌జెన్ బృందం కరోనా వైరస్ జన్యుక్రమాన్ని కనిపెట్టింది. ఆ వివరాలు అందరికీ అందుబాటులో పెట్టామని సిడ్నీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఎడ్వర్డ్ హోమ్స్ ట్విట్టర్‌లో చాటారు. అప్పటి ట్విట్టరే 2023 నుంచి ఎక్స్ అయింది. ఆ వివరాలు చూసుకుని దేశదేశాల్లో పరీక్షల పనీ, టీకాల పనీ వెంటనే మొదలయ్యాయి.

ఐతే మంచికి వున్న వేగమే చెడుకీ వుంది. ఆ నెలాఖరునే, ఆ వైరస్‌కూ ఎయిడ్స్ వైరస్‌కూ వింత పోలిక వుందంటూ తోటివారెవరూ పరిశీలించని వ్యాసం ఒకటి బయటికొచ్చింది. అది ట్విట్టర్‌లో గుప్పుమంది. అక్కడే శాస్త్రజ్ఞులు తప్పులు ఎత్తిచూపారు. రాసినవాళ్లు రెండు మూడు రోజుల్లోనే వెనక్కి తీసుకున్నారు. కానీ పుకారు వెనక్కి వస్తుందా? అందుకే మా ఆడపడుచు తన విద్యార్థులకు, "ఎవరు రాశారు, ఎవరు పరిశీలించారు, ఈ రెండూ చూడకుండా దేన్నీ నమ్మకండి" అని చెబుతుందట. మన వంటింటి ఫోనుకు వచ్చే చిట్కాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

ఆమె కష్టాలు ఆమెకూ వున్నాయి. రాత్రి పదకొండు గంటలకు సందేహాలు వస్తే, ఆవిడ మాత్రం నిద్రపోవద్దూ? రాత్రి ఎనిమిది దాటాక జవాబివ్వనని నియమం పెట్టుకుంది. గ్రూపులో చేరితే ఆడపిల్లల నంబర్లు అందరికీ కనబడతాయి గనుక చేరమని బలవంతం చెయ్యదు. అందులో రాసిందంతా నోటీసు బోర్డు మీద కూడా అంటిస్తుంది. "ఫోను లేని పిల్ల వెనకబడకూడదు కదా వదినా" అంది.

ఆ మాటతో నా గుండె కలుక్కుమంది. 2020 లో కాలేజీలు మూసినప్పుడు మా పిల్లలిద్దరికీ కలిపి ఒక్కటే ఫోను. మా అబ్బాయి ఇంటర్, అమ్మాయి డిగ్రీ. అబ్బాయి చదువు పాడవుతుందని ఫోను వాడి చేతికిచ్చాను. అమ్మాయికి అంట్లు తోమడం, బట్టలు ఆరెయ్యడం అప్పజెప్పాను. ఒకరోజు లెక్చరర్‌గారు గ్రూపులో పరీక్ష సంగతి మధ్యాహ్నం పెట్టారు. అమ్మాయి రాత్రి చూసుకునేసరికి గడువు దాటిపోయింది, మార్కులు పోయాయి. "నా కాలేజీ కూడా ఆ ఫోనులోనే వుందమ్మా" అని ఏడ్చింది. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటోంది, ఆ సంగతి మరిచిపోయిందేమో కూడా. నేను మరిచిపోలేదు.

కాబట్టి సోదరీమణులారా, పిల్లల చేతిలో ఫోను కనబడగానే కసరవద్దు. ఏం చదువుతున్నావని పక్కన కూర్చుని అడగండి. పాఠమైతే చదవనివ్వండి, కాలక్షేపమైతే వేళ పెట్టండి. ఇంట్లో ఫోను ఒక్కటే అయితే గంటలు లెక్కపెట్టి అబ్బాయికీ అమ్మాయికీ సమానంగా పంచండి. అమ్మాయి పాఠం వేళకు అంట్లు కాసేపు ఆగినా ఫరవాలేదు. పోయిన పాఠం మళ్లీ రాదు.

సెలవు.