చీటీ అడగండి, మనిషినీ పలకరించండి

ఈరోజు పట్టాలు అందుకున్న ఫార్మసీ విద్యార్థులందరికీ నా హృదయపూర్వక అభినందనలు.

రేపటి నుంచి మీలో చాలామంది మందుల షాపు కౌంటర్ వెనక నిలబడతారు. "నిద్ర పట్టడం లేదు, ఇదే మాత్ర ఇవ్వండి" అంటూ పాత స్ట్రిప్ ముక్క చూపించేవాళ్లు వస్తారు. అది ఆల్ప్రాజోలం అయితే అక్కడే ఆగండి. అది షెడ్యూల్ హెచ్1 మందు, దాన్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి 3 ఏళ్లు భద్రపరచాలి.

ఈ కట్టుదిట్టం ఊరికే పెట్టింది కాదు. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే ఒంటికి ఆ మాత్ర అలవాటైపోతుంది. ఒక్కసారిగా మానేస్తే ఆందోళన ముమ్మరమవుతుంది, చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు. మద్యంతో కలిస్తే ఊపిరి మందగించి ప్రాణమే పోవచ్చు. ఒక్కసారిగా ఆగిపోతే ఏమవుతుందో తెలంగాణలో కనిపించింది: కల్తీ కల్లు దొరకని రోజుల్లో జనం వింతగా ప్రవర్తిస్తూ ఆసుపత్రులకు చేరారు. ఆ కల్లులో కలిపే మత్తుమందుల్లో ఆల్ప్రాజోలం ఒకటి.

ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలీన్ వంటి డిప్రెషన్ మందుల తీరు వేరు. వాటి గుణం కనిపించడానికి వారాలు పడుతుంది. సొంతంగా మొదలుపెట్టినవాళ్లు నాలుగు రోజులకే మానేస్తారు, లేదా మోతాదు పెంచేస్తారు. బైపోలార్ జబ్బు ఉన్నట్టు తెలియని మనిషిలో అవి ఉన్మాదాన్ని రేపవచ్చు. నొప్పికి వాడే ట్రామడాల్‌తో కలిస్తే సెరటోనిన్ మితిమీరే ప్రమాదముంది. చికిత్స తొలి రోజుల్లో పాతికేళ్లలోపు యువతలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2007లో హెచ్చరించింది. అది మీ ఈడువాళ్ల గురించే. పైగా దిగులుకు అసలు కారణం థైరాయిడ్ లోపం కావచ్చు. అది పరీక్షలో తేలాలి, స్నేహితుడు ఇచ్చిన మాత్రతో తేలదు.

అలాగని ఈ మందులను చెడ్డవని ప్రచారం చేయకండి. డాక్టరు పర్యవేక్షణలో అవి ఎన్నో జీవితాలను నిలబెట్టాయి. వాడుతున్నవాళ్లు భయపడి మానేయకూడదు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

చీటీ లేదని వెనక్కి పంపేటప్పుడు కసురుకోకండి. ఆ మనిషి బాధ నిజం. "ఎన్నాళ్లుగా నిద్ర లేదండీ?" అని అడగండి. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమనండి. మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416 రాసివ్వండి. రేయింబవళ్లు ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. మీకే మనసు బరువెక్కిన రోజున, అల్మారాలోని మందుపెట్టె తెరవకుండా అదే నంబరుకు ఫోన్ చేయండి.

లాభం కోసం ఒక్క స్ట్రిప్ కూడా చీటీ లేకుండా ఇవ్వబోమని ఈ వేదిక మీదే నిశ్చయించుకోండి.