గోడకు అవతల



నేడు మన ఇండ్లలో వైఫై తరంగములు నిండియున్నవి. ఫోనుకు వార్త మోయుటకే గాక అవి మరి దేనికైనను పనికివచ్చునా? ఈ ప్రశ్నను ఏండ్ల తరబడి విడువని ఒక ఆచార్యురాలిని గూర్చి మేము మనవి చేయుచున్నాము.

యాసమిన్ మోస్తోఫీ టెహరానులోని షరీఫ్ విశ్వవిద్యాలయములో ఇంజనీరింగు చదివి, అమెరికాలోని స్టాన్‌ఫర్డులో 2004లో డాక్టరేటు పొందిరి. తరువాత శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో తరంగములను, రోబోలను జతపరచి పరిశోధన సాగించిరి.

తరంగము దేనిగుండ పోయినను కొంత బలము కోల్పోవును. ఆ నష్టమే వారికి ఆధారము. 2017లో వారి బృందము ఇటుకగోడల కట్టడము చుట్టు రెండు డ్రోనులను ఎగురవేసెను. ఒకటి వైఫైని పంపగా, రెండవది అవతలి వైపున దాని బలమును కొలిచెను. ఆ కొలతలతోనే లోపలి వస్తువుల ఆకారమును లెక్కగట్టిరి. 2023లో, వస్తువుల అంచులపై తరంగము చెదరు తీరునుబట్టి, గోడ వెనుకనున్న ఇంగ్లీషు అక్షరములను చదివిరి. అవి కూర్చిన మాట 'బిలీవ్', అనగా 'నమ్ము'.

అయితే ఒక మాట. శిథిలముల క్రింద చిక్కినవారిని వెదకుటకు ఇట్టి విద్య తోడ్పడగలదు; పొరుగువాని గదిలోనికి తొంగిచూచుటకును తోడ్పడగలదు. చూడబడువానికి ఆ సంగతి తెలియనే తెలియదు. ఇకమీదట గోడ గోడగా నిలుచుటకు ఇటుకలు చాలవు. చట్టమును, మన మర్యాదయు కావలెను. మన పిల్లలనేకులు ఇంజనీరింగు చదువుచున్నారు. లెక్కలతోపాటు, తలుపు తట్టి లోనికి పోవు అలవాటును కూడ వారికి నేర్పుదము.