రోగి, విశ్లేషకుడు: చికిత్సలో అనుబంధం

మనోవిశ్లేషణలో రోగికీ విశ్లేషకుడికీ మధ్య ఏర్పడే అనుబంధమే చికిత్సకు ముఖ్య సాధనం. రోగి కౌచ్ మీద పడుకుని మనసుకు తోచిందల్లా దాపరికం లేకుండా చెబుతాడు. విశ్లేషకుడు అతనికి కనబడకుండా తలవైపు కూర్చుని వింటాడు. వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ స్థిరపరచిన పద్ధతి ఇది. రోజుకు ఎనిమిది గంటలు రోగుల చూపులు తన మీదే ఉంటే భరించలేకపోవడం కూడా ఇందుకు ఒక కారణమని ఆయన 1913లో రాశారు.

కొన్నాళ్లు గడిచేసరికి రోగికి విశ్లేషకుడి మీద ప్రేమో కోపమో భయమో పుట్టుకొస్తుంది. వాటిలో చాలా భాగం ఎప్పుడో తల్లి మీదో తండ్రి మీదో పెంచుకున్నవే. వాటికిప్పుడు కొత్త మనిషి దొరికాడు. దీన్నే ట్రాన్స్‌ఫరెన్స్ అంటారు.

‘డోరా’ అన్న మారుపేరుతో ఫ్రాయిడ్ 1905లో ప్రచురించిన కేసు దీనికి మంచి పాఠం. ఆమె పద్దెనిమిదేళ్ల యువతి. కుటుంబ మిత్రుడొకరు తనతో అనుచితంగా ప్రవర్తించాడని చెబితే తండ్రి నమ్మలేదు; చివరకు ఆ తండ్రే ఆమెను ఫ్రాయిడ్‌కు అప్పగించాడు. 1900 అక్టోబరులో చికిత్స మొదలైంది. డిసెంబరు 31న ఆమె వచ్చి, ఇదే ఆఖరిరోజు అంది. ఎప్పుడు నిర్ణయించుకున్నావని అడిగితే, పదిహేను రోజుల కిందట అంది. పనిమనిషి పని మానేముందు ఇచ్చే గడువులా ఉందే అన్నారు ఫ్రాయిడ్.

ఆ మిత్రుడి మీది కసి తన మీదికి మళ్లిందని, సకాలంలో దాన్ని పట్టుకోలేకపోయానని ఆయన తర్వాత రాసుకున్నారు. మధ్యలో ఆగిన చికిత్సను అచ్చువేసి తన లోపం చెప్పుకోవడం గొప్ప విషయం. అయినా ఒకటి చెప్పి తీరాలి. ఫ్రాయిడ్ ఆమె మాట నమ్మారు గానీ, ఆమె ఆ మిత్రుణ్ణి లోలోపల ప్రేమిస్తోందని పట్టుబట్టారు. ఆమె కోపంలో న్యాయం ఉంది. దాన్నంతా పాత భావాల ఖాతాలో వేయడం తగదు.

విశ్లేషకుడి మనసులోనూ రోగి పట్ల భావాలు లేస్తాయి. ఫ్రాయిడ్ వీటిని అదుపులో పెట్టవలసిన అడ్డంకిగా చూశారు. 1950లో విశ్లేషకురాలు పౌలా హైమన్ మాత్రం, రోగి మనసును తెలుసుకోవడానికి అవే పనికొస్తాయని వాదించారు. రోగి ప్రేమను విశ్లేషకుడు సొంతానికి వాడుకోరాదన్న నియమం మాత్రం 1915 నాటి ఫ్రాయిడ్ వ్యాసంలోనే ఖండితంగా ఉంది.

మనస్తత్వశాస్త్ర విద్యార్థుల్లో ఎవరైనా ఈ వృత్తిలోకి వెళ్లదలిస్తే, ముందు తామే మరో విశ్లేషకుడి దగ్గర విశ్లేషణ చేయించుకోవాలి. శిక్షణలో అది తప్పనిసరి.