తూటా తేలికైనా క్రమశిక్షణ బరువైనదే

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంటర్మీడియట్ అవగానే రైలెక్కి రెజిమెంటల్ సెంటర్‌కు పోయినవాణ్ణి. పెద్ద ఉపన్యాసాలు నాకు రావు. సర్వీసులో ఎక్కువ కాలం ఫైరింగ్ రేంజి మీద గడిపాను కాబట్టి ఆ సంగతే నాలుగు మాటలు చెబుతాను.

మన పిల్లలు చాలామంది అమెరికాలో స్థిరపడ్డారు. రిటైరయ్యాక మనం కూడా ఆరేసి నెలలు వెళ్ళి వస్తున్నాం. అలా వెళ్ళొచ్చిన మనవాళ్ళు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సాబ్, అక్కడ తూటాలు ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారు. మందు తగ్గిస్తే పిస్తోలు ధక్కా కొట్టదంటున్నారు. నిజమేనా?" అని. టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు నేను కూడా ఆ పని దగ్గరుండి చూశాను. వాళ్ళ పక్కింటాయన అమెరికా ఆర్మీలో సార్జెంటుగా చేసి రిటైరయ్యాడు. గ్యారేజీలో చిన్న చేతి ప్రెస్సు పెట్టుకుని పోటీలకు కావలసిన తూటాలు తనే నింపుకుంటాడు. అక్కడి చట్టం ప్రకారం సొంత వాడకానికి అది మామూలు విషయం.

రౌండులో నాలుగే భాగాలని మనకు తెలుసు. ఖోకా, క్యాప్, మందు, బుల్లెట్. ఫైరయ్యాక మిగిలేది ఖోకా ఒక్కటే. మనం దాన్ని లెక్కపెట్టి జమచేస్తాం. ఒక్కటి తగ్గినా చీకటి పడేదాకా గడ్డిలో వెతుకుతాం. వాళ్ళు దాన్నే కడిగి, ప్రెస్సులో నొక్కి పాత కొలతకు తెచ్చి, కొత్త క్యాప్ వేసి, మందు కొలిచి పోసి, బుల్లెట్ కూర్చుతారు. ఖర్చు కలిసొస్తుంది. తమ పిస్తోలుకు తగినట్టు తూటాను మలుచుకునే వీలు కూడా ఉంటుంది.

ఇక ధక్కా సంగతి. అమెరికాలో బుల్స్ ఐ అనే పాత పిస్తోలు పోటీ ఉంది. ఒంటిచేత్తో 50 గజాల నుంచీ, 25 గజాల నుంచీ కొట్టాలి. అందులో పాయింట్ 45 పిస్తోలు కూడా వాడతారు. ఆ పిస్తోలు సర్వీసు రౌండులో బుల్లెట్ బరువు 230 గ్రెయిన్లు, అంటే సుమారు 15 గ్రాములు. వేగం సెకనుకు సుమారు 830 అడుగులు. పోటీకి వాడే రౌండులో బుల్లెట్ 185 గ్రెయిన్లు, వేగం సుమారు 770 అడుగులు. బరువునీ వేగాన్నీ హెచ్చవేసి చూడండి, ధక్కా నాలుగో వంతు తగ్గినట్టే. ఎదుట ఉన్నది శత్రువు కాదు, కాగితం. కాగితానికి చిల్లు పడితే చాలు.

అయితే మందు తగ్గించుకుంటూ పోతే సరిపోతుందా? సరిపోదు. రివాల్వర్‌లో సిలిండరు తిప్పేది మన వేలు. సెమీ ఆటోమేటిక్ పిస్తోలులో స్లైడును వెనక్కి నెట్టేది, ఖోకాను బయటికి విసిరేది, స్ప్రింగును నొక్కేది ఆ ధక్కాయే. అంటే మనం వద్దనుకునే ధక్కాయే ఆయుధానికి కూలి. ఆ కూలి మరీ తగ్గిస్తే పిస్తోలు పని మానేస్తుంది. స్లైడు పూర్తిగా వెనక్కి రాదు, ఖోకా ఇరుక్కుంటుంది, రుకావట్ వస్తుంది. అందుకే తేలిక రౌండు వాడేవాళ్ళు స్ప్రింగు కూడా మెత్తనిది వేస్తారు. పాయింట్ 45 గవర్నమెంట్ మోడల్‌కు మామూలుగా 16 పౌండ్ల స్ప్రింగు ఉంటుంది, పోటీ పిస్తోలుకు అంతకన్నా తగ్గిస్తారు. ఆ స్ప్రింగుతోనే మళ్ళీ సర్వీసు రౌండ్లు కాలిస్తే స్లైడు ఫ్రేముకు గట్టిగా కొట్టుకుని ఆయుధం దెబ్బతింటుంది. తూటా, స్ప్రింగు రెండూ జోడెడ్లు. ఒకదాన్ని మార్చి రెండోదాన్ని వదిలేస్తే బండి నడవదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. తేలిక రౌండు అంటే ప్రమాదం కూడా తేలిక అనుకుంటారు. నిజానికి తిరకాసు అక్కడే ఉంది. త్వరగా మండే మందు కొద్దిగా పోస్తే ఖోకాలో సగం కూడా నిండదు. పరధ్యానంలో రెండోసారి పోసినా పొర్లిపోదు, పైకి తెలియదు. అదే రౌండు పిస్తోలును పగలగొట్టి చేతి వేళ్ళు తీసుకుపోతుంది. బుల్లెట్‌ను కావలసిన దానికన్నా లోపలికి దించినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఇక మందు పోయడమే మరిచిపోతే క్యాప్ బలం ఒక్కటే బుల్లెట్‌ను నెట్టి నాళం మధ్యలో ఆపేస్తుంది. 'ఢాం' అని రావలసిన చోట 'టప్' అని చిన్న చప్పుడు వస్తుంది. వెనకాల ఇంకో రౌండు కొడితే నాళం ఉబ్బిపోతుంది, పగిలినా పగులుతుంది.

ఇది ఇంట్లో నింపిన తూటాకే కాదు. రేంజి మీద ఉన్న తమ్ముళ్ళందరూ గుర్తుపెట్టుకోండి. చప్పుడు తేడాగా వస్తే ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీయండి. నాళం టార్గెట్ వైపే ఉంచండి. అరనిమిషం ఆగండి. ఆ తర్వాతే ఖాళీ చేసి, నాళం లోపలిది చూసి నిర్ధారించుకోండి. పక్కవాడి స్కోరు చూసి తొందరపడవద్దు.

ఆ సార్జెంటు పద్ధతి నాకు నచ్చింది. నింపేటప్పుడు టీవీ లేదు, ఫోను లేదు, కబుర్లు లేవు. బల్ల మీద ఒకే రకం మందు డబ్బా. యాభై ఖోకాల్లో మందు పోశాక దీపం పట్టుకుని ఒక్కొక్కటీ తొంగిచూస్తాడు. ప్రచురించిన పట్టికలో ఉన్న కొలత దాటడు, కనీస కొలతకన్నా దిగడు. చూస్తుంటే మన కోత్‌లో డ్యూటీ చేసే మంచి ఎన్.సి.ఓ. గుర్తొచ్చాడు.

"మరి ఇక్కడ మనం చేసుకోవచ్చా సాబ్?" అంటే, వద్దు. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఏడేళ్ళకు తగ్గని జైలు, యావజ్జీవం దాకా పడవచ్చు. మాజీ సైనికుడన్న మాట అక్కడ అక్కరకు రాదు. పెన్షన్ మీద బతికే కుటుంబాన్ని సరదా కోసం రోడ్డున పడేయకండి. లైసెన్సు ఆయుధం ఉన్నవాళ్ళు కంపెనీ రౌండ్లే కొనుక్కోండి.

ధక్కాకు భయపడి గురి చెదిరేవాడికి ఇంకో మందు ఉంది. మేగజైన్‌లో అసలు రౌండ్ల మధ్య డ్రిల్ రౌండు ఒకటి, ఎక్కడుందో తెలియకుండా కలిపి ఇవ్వండి. అది వచ్చినప్పుడు చప్పుడు లేకుండానే పిస్తోలు మూతి కిందికి దిగితే జబ్బు చేతిలో ఉన్నట్టే. రోజూ పావుగంట డ్రై ప్రాక్టీసు చేయించండి. తర్వాత ధక్కా తక్కువుండే పాయింట్ 22తో మొదలుపెట్టించండి. 2012 లండన్ ఒలింపిక్స్‌లో 25 మీటర్ల ర్యాపిడ్ ఫైర్‌లో మన సూబేదార్ విజయ్ కుమార్ రజతం గెలిచింది పాయింట్ 22 పిస్తోలుతోనే. ఆయన మన ఆర్మీ బిడ్డ కావడం మనందరికీ గర్వకారణం.

తేలిక రౌండు చెయ్యి అలసిపోకుండా చూస్తుంది. ట్రిగ్గర్ నొక్కే వేలికి బుద్ధి నేర్పేది మాత్రం అభ్యాసమే.

జై హింద్.